ముందు ముక్క

మా అత్తయ్య మంచం వసారాలోకి వచ్చిందీ, మిరపకాయలు మా ఇంటిముందు కళ్లంలోకి వచ్చిందీ ఒకే వారంలో.

రెండూ మామయ్యగారి నిర్ణయాలే. కాయలు ఎండాలంటే కళ్లం కావాలి, దానికి ఎవరికీ పేచీ లేదు. మంచం సంగతి అలా కాదు. అత్తయ్య ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని విజయవాడ డాక్టరు చెప్పి, ఇక ఇంటిదగ్గరే చూసుకోమని పంపించేశాడు. ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషను, సాయంత్రానికో ఇంజెక్షను. అది చెయ్యడానికి మా ఊళ్ళో ఉన్న నర్సు ఒక్కతే, ప్రమీలారాణి. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ చేసుకుని సాయంత్రం స్కూటీ మీద వస్తుంది. ఇల్లు చర్చి వీధిలో.

"వసారాలో అయితే గాలి తగులుద్ది," అన్నారు మామయ్యగారు.

నడిమింట్లో కిటికీ పక్కన, పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ అత్తయ్య పడుకున్న చోట, గాలికేం తక్కువ లేదు. వసారాలో మంచం వేస్తే నర్సు గడప దాటి లోపలికి రానక్కర్లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. నేను నందిగామ హైస్కూల్లో తెలుగు చెప్తాను. పగలంతా మాటలతోనే పని. ఆ ఇంట్లో కోడలి మాటకి చోటు తక్కువ. ఉన్న చోట్లోనే సర్దుకోవడం అలవాటైంది.

మిరప ఘాటు వసారాలోకి కొట్టకుండా మామయ్యగారు గోనెపట్టాలు తడిపి కట్టించారు. పొద్దున కట్టినవి ఎండ ముదిరేసరికి ఆరిపోయేవి. ఆ తర్వాత అత్తయ్య దగ్గు వీధి చివరిదాకా వినపడేది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. అత్తయ్య బతకలేదు. ఇందులో అద్భుతం ఏదైనా జరుగుతుందేమోనని చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ప్రమీలారాణి నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. చర్చి వీధివాళ్ళంతా మామయ్యగారిని "అయ్యగారూ" అంటారు. ఆమె "బుల్లిబాబుగారూ" అంటుంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన దవడ బిగుసుకునేది. ఊళ్ళో ఇంకో నర్సు ఉంటే ఆమెని రానిచ్చేవారు కారు.

ఆమె కోసం మా ఇంట్లో ఒక స్టీలు గ్లాసు ఉండేది, వసారా గూట్లో, బోర్లించి. టీ తాగి, తనే కడిగి, మళ్ళీ బోర్లించి వెళ్ళేది.

"ఏంటే గొణుగుతున్నావు సూది పొడుస్తా?" అని అడిగింది అత్తయ్య ఒక సాయంత్రం.

"ప్రార్థన చేసుకుంటున్నానమ్మగారూ."

"నా జబ్బు పోవడానికా?"

"మీ నరం దొరకడానికి."

అత్తయ్య నవ్వింది. నవ్వితే దగ్గొస్తుందని తెలిసే నవ్వింది. దగ్గు తగ్గాక, "జబ్బులు నయం చేశాడంటగా మీ దేవుడు. ఓ కథ చెప్పు. చిన్నది చెప్పు, నా ఊపిరి అయిపోయేలోపు అయిపోవాలి," అంది.

ప్రమీల మంచం పట్టె మీద కూచోబోయి, లోపలి గుమ్మంకేసి చూసి, మెట్టు మీద కూచుంది.

"ఓ మిలట్రీ ఆఫీసరు. కింద వందమంది సిపాయిలు. యేసుప్రభువుది వేరే జాతి, ఈయనది వేరే జాతి. ఈయన ఇంట్లో పనివాడు మంచాన పడ్డాడు. కాలూ చెయ్యీ కదలదు. ఈయనే ప్రభువు దగ్గరికి వెళ్ళి అడిగాడు."

"ఆఫీసరు, పనివాడి కోసం వెళ్ళాడా?"

"పనివాడి కోసమే. సరే పద, నేనొచ్చి బాగుచేస్తానన్నాడు ప్రభువు. ఈయన వద్దన్నాడు."

"ఎందుకొద్దన్నాడు? వాళ్ళింట్లో కూడా మంచం వసారాలో ఉందా?"

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ప్రమీల నావైపు చూసింది. నవ్వొచ్చో నవ్వకూడదో తేలక మళ్ళీ కథలోకి వెళ్ళింది.

"కాదమ్మగారూ. మీరు నా ఇంట్లోకి రావడానికి నేను పాత్రుణ్ణి కాను, ఇక్కణ్ణుంచే ఒక్క మాట అనండి చాలు, అన్నాడు. ఆయన మాటన్నాడు. అక్కడ పనివాడు లేచాడు. అంతే కథ."

"ఇక్కడ మాటంటే అక్కడ లేస్తాడని ఎట్టా నమ్మాడు?"

"ఆఫీసరు గదా. తనొక మాటంటే ఎక్కడో ఉన్న సిపాయి కదులుతాడని తెలుసు. తన మాటకే అంత ఉంటే ఆయన మాటకి ఎంతుండాలి అనుకున్నాడు."

అత్తయ్య కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "మా ఆయన ఒక్క మాటంటే ఊళ్ళో సగంమంది కదుల్తారు. ఆ ఆఫీసరన్న మాటొక్కటే ఎప్పుడూ అనలా." నావైపు తిరిగింది. "పాత్రుడంటే ఏంటే వసూ? తెలుగు పంతులమ్మవి గదా."

"తగినవాడని అత్తయ్యా. అర్హుడు."

"ఓహో. నేను పాత్ర అనుకున్నా. గిన్నె." గూట్లో బోర్లించిన గ్లాసుకేసి చూసింది. "మన ఇంట్లో వాటికి పట్టింపులెక్కువ గదా."

కళ్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. వాళ్ళ వెనక మామయ్యగారు నిలబడి ఉన్నారని అప్పుడు చూశాం.

"ఏమ్మాయ్," అన్నారు ఆయన, మెట్ల దగ్గరికి వచ్చి. "సూది పొడిచి పొమ్మని పిలిస్తే పురాణం పెట్టావా? మంచాన పడ్డ మనిషి దొరికిందని మతం ఎక్కిస్తున్నావా?"

"ఆమె అడిగారు, చెప్పాను బుల్లిబాబుగారూ. మీరడిగితే మీకూ చెప్తా."

"నోరు మూసుకుని పని చేసేదానివైతే రా. లేదంటే మానెయ్."

"మానేస్తా."

టీ సగంలో ఉండగానే గ్లాసు గూట్లో పెట్టింది. బోర్లించలేదు. కడగలేదు. స్కూటీ చప్పుడు వీధి మలుపు తిరిగిపోయింది. ఆ గ్లాసు నేనే కడిగి బోర్లించాను. అత్తయ్య చూస్తూ ఉంది.

మర్నాటి నుంచి జగ్గయ్యపేట నుంచి సాంబయ్య అనే కాంపౌండరు వచ్చాడు. చెయ్యి బరువు. రెండు రోజులకే అత్తయ్య ముంజేయి నేరేడుపండు రంగులోకి తిరిగింది. సాంబయ్య గడప దాటి మంచినీళ్ళు తాగి వెళ్ళేవాడు. ఆయనకి ప్రత్యేకం గ్లాసు లేదు. అత్తయ్య అది కూడా చూసింది.

ఒక పొద్దున మామయ్యగారు కళ్లంలోకి దిగబోతుంటే పిలిచింది.

"నాకు ప్రమీల కావాలి. సూదికి కాదు. నన్ను లోపల నా చోట్లో పడుకోబెట్టండి. అది లోపలికొచ్చి, నా పక్కన మంచం మీద కూచుని, ఆ కథ ఇంకోసారి చెప్పాలి. ఇంకేం అడగను మిమ్మల్ని."

"ఈ ప్రాణం ఉండగా ఆ మనిషి నా గడప తొక్కదు."

"ఎవరి ప్రాణం?" అంది అత్తయ్య.

ఆయన కళ్లంలోకి దిగిపోయారు. అత్తయ్య ఆయనతో మాట్లాడటం మానేసింది. కాపురంలో ఎప్పుడూ లేదట అలా. ఆయన అడిగితే గోడకేసి చూసేది. తిరునాళ్ళకి వెళ్ళి ఆయన తిరుపతమ్మ కుంకుమ తెస్తే నుదురు చూపించి పెట్టించుకుంది, కళ్ళు మూసుకుని దణ్ణం కూడా పెట్టుకుంది. అమ్మవారితో ఆమెకి పేచీ లేదు. పేచీ అంతా కుంకుమ తెచ్చిన మనిషితోనే.

నా భర్త భవానీప్రసాద్ ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ నుంచి షిఫ్టు దిగి వచ్చి అన్నం ముందు కూచున్నప్పుడు చెప్పాను.

"నాన్న సంగతి తెలిసి కూడా అమ్మ అలా అడుగుతుందేంటి?" అన్నాడు.

"తెలిసే అడుగుతున్నారు."

"అంటే? నాన్నని నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలనా?"

"ఆమె నలుగురిలో వసారాలో పడుకునుంది కదండీ."

కంచం పక్కకి జరిపాడు. "నువ్వు మధ్యలో దూరకు వసుమతీ. నీ పాఠాలు బళ్ళో చెప్పుకో."

తర్వాత అత్తయ్య సూది కూడా వద్దంది. సాంబయ్య మందు ఎక్కించుకుని వంగితే, చెయ్యి దుప్పటిలోకి లాక్కుంది. బతిమాలాడు. మామయ్యగారు గద్దించారు. నేనూ అడిగాను. "ఇది నీ మీద కాదులేవే," అంది నాతో, చెయ్యి మాత్రం తియ్యకుండా. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి సాంబయ్య సంచీ సర్దుకున్నాడు. "నావల్ల కాదండీ. పెద్దమ్మగారు చెయ్యివ్వట్లా." రెండు రోజుల్లో ఆమె పెదాలు నీలంగా అయ్యాయి.

ఆ ఆదివారం పొద్దున మామయ్యగారు బండి బయటికి తీశారు.

"ఎక్కు టీచరమ్మా. ఆ అమ్మాయి ఇల్లెక్కడో చూపించు."

ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి చర్చి వీధిలో ఏ ఇల్లు ఎవరిదో తెలియదు. నేను దారి చెప్పాను. అప్పుడే చర్చి వదిలారు. తెల్లచీరల ఆడవాళ్ళు, చంకలో బైబిళ్ళు, వీధంతా మనుషులు. మా బండి చూసి పక్కకి తప్పుకున్నారు. ప్రమీల తన గుమ్మం ముందే ఉంది. మామయ్యగారు బండి ఆపారు గానీ దిగలేదు. ఒక కాలు నేలకి ఆనించారు, అంతే. నేను ఆయన వెనక కూచునే ఉన్నాను.

"చూడమ్మాయ్," అన్నారు. "నువ్వు మా ఇంట్లోకి రానక్కర్లా. ఇక్కణ్ణుంచే ఆ మాటేదో అనెయ్. అది చాలు."

ప్రమీల మొహంలోకి కోపం రావడం చూశాను. వచ్చిన కోపం మధ్యలో ఆగిపోవడం కూడా చూశాను.

"ఏమన్నారు? మళ్ళీ అనండి."

"చెవుడా? మా ఇంట్లోకి రావద్దు, ఇక్కణ్ణుంచే ఒక్క మాట అను చాలంటున్నా."

పక్కనున్న ముసలామె "ప్రభువా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వీధిలో ఆ కథ తెలియనివాళ్ళు ఎవరూ లేరు. తెలియనిది ఆయనకొక్కరికే. కళ్లంలో ఆ రోజు ఆయన కాయలు చూసుకుంటూ విన్నారు, అక్కడో ముక్క ఇక్కడో ముక్క.

"బుల్లిబాబుగారూ," అంది ప్రమీల, "ఈ మాట మా పుస్తకంలో ఉందండీ. ఆ ఆఫీసరు అన్నది అచ్చం ఇదే. కాకపోతే మీరు ముందు ముక్క వదిలేశారు."

"ఏం ముక్క?"

"మీ కోడలుగారు తెలుగు టీచరు గదా. ఆమె చెప్తారు."

అందరూ నావైపు చూశారు. మామయ్యగారు వెనక్కి తిరగలేదు. నాకు ఆయన మెడ ఒక్కటే కనిపిస్తోంది, ఎండకి కమిలి, బిర్రుగా.

"నేను పాత్రుణ్ణి కాను," అన్నాను.

"ఎవడు?"

"అడగడానికి వచ్చినాయనండీ. ఇల్లుగలాయన."

ఆయన బండి స్టార్టు చేశారు. వీధి ఇరుకు, తిప్పడానికి రెండుసార్లు వెనక్కీ ముందుకీ లాగాల్సి వచ్చింది. అంతసేపూ అందరూ నిలబడి చూశారు. మలుపు తిరుగుతుంటే ప్రమీల కేక వినపడింది. "ప్రార్థన మీరడక్కపోయినా రోజూ చేస్తున్నా! దానికి మీ పర్మిషను అక్కర్లా!"

"చదువుకున్న కోడల్ని తెచ్చుకున్నందుకు బాగానే ముట్టింది," అన్నారు మామయ్యగారు దారిలో. 

ఇంటికొచ్చి నేరుగా మంచం దగ్గరికి వెళ్ళి, వంగి, చాలా రోజుల తర్వాత ఆమెని పేరుపెట్టి పిలిచారు.

"పుష్పా. చెప్పించాను. ఆ అమ్మాయి అక్కణ్ణుంచే అనేసింది. సరిపోద్దంట."

అత్తయ్య కళ్ళు తెరిచింది. మాటలు మానేశాక ఆయనతో ఆమె మాట్లాడటం అదే మొదలు.

"ముందు ముక్క మీరన్నారా?"

ఆక్సిజన్ మిషను ఒక్కటే చప్పుడు చేస్తోంది. ఆమె జవాబు కోసం ఆగింది. ఆగి, చూసి, గోడవైపు తిరిగింది.

ఆ రోజంతా మామయ్యగారు కళ్లంలో కనపడ్డ ప్రతి మనిషినీ తిట్టారు. పట్టా సరిగా పరవలేదని ఒకరిని, తాలు మంచికాయల్లో కలిపారని ఒకరిని. మర్నాడు పొద్దున నేను కాఫీ పెట్టి వెళ్ళబోతుంటే, తల ఎత్తకుండా అడిగారు.

"ఆ పనోడు బతికాడా?"

"బతికాడటండీ."

"ఆ ఆఫీసరు ఆ మాట అన్నది ఎక్కడ? ఇంట్లోనా?"

"వీధిలోనండీ. జనంలో."

"కింద వందమంది ఉన్నారన్నది గదా ఆ అమ్మాయి."

"అవునండీ. వాళ్ళలో కొందరైనా విని ఉంటారు."

గ్లాసులో మిగిలిన కాఫీ వాకిట్లోకి విసిరి లేచి వెళ్ళిపోయారు. నాకు బస్సు టైమైంది.

ఆ వేళ పదో తరగతికి స్పెషల్ క్లాసు. నందిగామలో బస్సెక్కి, హైవే మీద దిగి, ఆటోలో ఊళ్ళోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో అడుగు పెట్టగానే చూశాను. వసారా ఖాళీ. మంచం లేదు, మిషను లేదు, గోనెపట్టాలు విప్పేసి ఉన్నాయి. మనిషి పోతే ముందు మంచం తీసేస్తారు. నా చేతిలో సంచీ జారిపోయింది.

"బయపడకు టీచరమ్మా!" అని కళ్లంలోంచి కేకేసింది సౌభాగ్యమ్మ. కోతలకి ఖమ్మం వైపు నుంచి వచ్చిన మనిషి. "లోపలున్నది మీ అత్త. మీ మామనే మనుషుల్ని పెట్టి మంచం లోపలేయించిండు. ఆడికెల్లి నర్సమ్మ ఇంటికాడికి పోయిండు."

"బండి మీదా?"

"నడుసుకుంటనే. మేం ఆటోల కాయ దింపి వస్తా చూసినం. ఆమె గుమ్మం ముంగట చెప్పులిడిచి నిలబడ్డడు. గంత మనిషి. వీధిల అందరూ చూస్తనే ఉన్నరు."

"ఏమన్నారు?"

"మాకు ఇనపళ్ళే. ఏందో చిన్నగ అన్నడు. నర్సమ్మ చానసేపు ఊకున్నది. ఆనక తలుపేసి ఆయన ఎనక వచ్చింది."

గడప పక్కన ప్రమీల చెప్పులు ఉన్నాయి. మామయ్యగారు వసారాలో, పొద్దుటిదాకా మంచం ఉన్నచోట, కింద కూచుని ఉన్నారు. వీపు గోడకి ఆనించి, కళ్లంకేసి చూస్తున్నారు. నన్ను చూసీ చూడనట్టు కాళ్ళు ముడుచుకున్నారు, నేను లోపలికి వెళ్ళడానికి.

నడిమింట్లో కిటికీ పక్కన ప్రమీల మంచం మీద కూచుని ఉంది. అత్తయ్య చెయ్యి, ఆ కమిలిన చెయ్యి, ఆమె ఒళ్ళో ఉంది.

"నయమవుద్దంటావా నాకు?" అంటోంది అత్తయ్య.

"తెలీదమ్మగారూ."

"అవుద్దని ఓ అబద్ధం చెప్పొచ్చు గదే."

"నర్సుని గదా. చెప్పకూడదు."

"మరి రోజూ ఎందుకు అడుగుతున్నావు మీ దేవుణ్ణి?"

"అడగడం వరకే నాది."

అత్తయ్య మెల్లగా తల ఊపింది. ఆ జవాబు ఆమెకి నచ్చింది. "సరే. ఆఫీసరు దగ్గర్నుంచి చెప్పు. వీధిలో వెళ్ళి అడుగుతాడు చూడు, అక్కణ్ణుంచి."

ఆమె శివరాత్రి వెళ్ళాక పోయింది, కిటికీ పక్కన, తన చోట్లోనే. పెద్దకర్మ రోజు చుట్టాలు పంక్తిలో కూచుని అనుకున్నారు, కిరస్తానీ మనిషిని లోపలికి రానిచ్చారు, అమ్మవారికి కోపమొచ్చింది, లేకపోతే ఇంకో ఏడాది ఉండేదని. నాకు వినపడేలాగే అనుకున్నారు. మామయ్యగారికీ వినపడింది.  లేచెళ్ళి పప్పులో ఉప్పు లేదని వంటవాళ్ళ మీద అరిచారు. ప్రమీల ఆ రోజు రాలేదు. ముందురోజే నాతో అంది, "నేనొస్తే మీవాళ్ళకి ముద్ద దిగదు, వద్దులెండి టీచరుగారూ." ఆ ఇంట్లో ఇప్పటికీ ఆ సంగతి ఎవరూ ఎత్తరు. నా భర్త నాతో మాట్లాడేటప్పుడు ఇంకా కొంచెం చూసుకుని మాట్లాడతాడు. అత్తయ్య లేని ఇంట్లో "వసూ" అనేవాళ్ళు లేరు.

అదంతా తర్వాత. ఆ సాయంత్రం నేను టీ పెట్టాను.

"దానికి నా గ్లాసులో పొయ్యవే," అంది అత్తయ్య లోపలి నుంచి. పోశాను. తర్వాత మామయ్యగారి వెండి గ్లాసూ, టీ గిన్నే పట్టుకుని వసారాలోకి వచ్చాను. ప్రమీల గొంతు గుమ్మం దాటి వినపడుతోంది. కథ ఆఫీసరు నోరు తెరిచే చోటికి వచ్చింది.

"లోపలికి రారా మామయ్యగారూ? అత్తయ్య మేలుకునే ఉన్నారు."

"నేను..." అన్నారు ఆయన.

మిగతా ముక్క బయటికి రాలేదు. నా చేతిలో వెండి గ్లాసు చూశారు. తీసుకోలేదు. గోడ పట్టుకుని లేచి, గూట్లో బోర్లించి ఉన్న స్టీలు గ్లాసు తీసి, కండువాతో లోపలంతా తుడిచి, నా ముందుకి చాచారు.

"దీంట్లో పొయ్యమ్మా."

పోశాను.